లాగి చూసిన బండి

శనివారం పొద్దున పళ్లు తోముకుంటూనే విశ్వేశ్వరరావు ఖాయం చేసుకున్నాడు. సాయంత్రంలోగా వంటా పడకా లోపలే ఉండే సెకండ్‌హ్యాండ్ మోటార్‌హోమ్ కొనాలి, దాని వెనక ట్రైలర్ తగిలించాలి, మర్నాడు, పాతికో పెళ్లిరోజున, భార్య ఆమనిని సరిహద్దు దాటి మలేసియా కొండలకు తీసుకువెళ్లాలి. పెళ్లైన కొత్తలో ఇచ్చిన మాట అది. ఆత్రం కొద్దీ ట్రైలర్ ముందే కొని, జురాంగ్ వెస్ట్ దగ్గర స్నేహితుడు యాకూబ్ పాత ఇనుము యార్డులో పెట్టాడు. చోటు చాలక, దాన్ని తీసెయ్యడానికి యాకూబ్ ఆ సాయంత్రానికే గడువిచ్చాడు.

పాత బండ్ల షెడ్డులో రెండే మోటార్‌హోములున్నాయి. తెల్లది ట్రైలర్ లాగుతుందనీ, నీలంది లాగలేదనీ చైనీస్ యజమాని కాగితాలు చూపించి మరీ చెప్పి భోజనానికి వెళ్లాడు. కానీ నీలందాంట్లో వంటగట్టు పెద్దది. ఆమని దాని ముందునుంచి కదల్లేదు.

విశ్వేశ్వరరావు ఒంగోలు పక్క ఎడ్ల బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవాడు. బండ కదిలితేనే ఎద్దు, లేకపోతే కాదు. తను పనిచేసే షిప్‌యార్డు తాడు సంచిలోంచి తీశాడు.

"లాగదని ఆయనే చెప్పాడు కదండీ," అంది ఆమని.

"ఖరీదైంది అంటగట్టాలని అలాగే అంటారు. నువ్వు పక్కకి జరుగు."

మూలనున్న కాంక్రీటు దిమ్మకు తాడు కట్టి, నీలం బండి ఎక్కి, దానికే ఉన్న తాళం తిప్పాడు. దిమ్మ మూరెడు జరిగింది. అతను స్టీరింగు మీద దరువేశాడు. షెడ్డు టార్పాలిన్‌ను పట్టి ఉంచింది ఆ దిమ్మేనని అతనికి తెలియదు. టార్పాలిన్ ఊడి తెల్ల బండి మీద పడింది, దాని అలారం మొదలైంది. ఎవరైనా వచ్చేలోగా బయటపడాలని ఇంకా గట్టిగా తొక్కాడు. నీలం బండి పొగ కక్కి సరిగ్గా గేటుకు అడ్డంగా ఆగిపోయింది.

భోజనం పొట్లంతో వచ్చిన యజమానికి తన షెడ్డులోకి దారి లేదు. ఆయన గొంతు పెంచలేదు. ఈ బండి ఇక మీదేనని మాత్రం చెప్పాడు. ఆమని యాకూబ్‌కు ఫోన్ చేసింది. అతను లారీ తెచ్చి, మోటార్‌హోమును తాడుతో సహా లాక్కెళ్లి తన యార్డులో ట్రైలర్ పక్కన పెట్టి, ఇంకొక్క రోజు ఆగుతానన్నాడు.

మర్నాడు ఆ వంటగట్టు మీదే ఆమని పులిహోర కలిపింది. మధ్యాహ్నం ముగ్గురూ ఇనప గుట్టల మధ్య కూర్చుని తిన్నారు.

"కొండ లేకపోతే పోయింది, స్టవ్ బ్రహ్మాండంగా ఉందండీ," అంటూ ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి విశ్వేశ్వరరావుకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి.

యాకూబ్ చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"సాయంత్రంలోగా రెండూ తీసెయ్యాలి రావుగారూ."