క్యాలెండర్ గారి బంధువులు

ఇందుమతి ఒక్క క్యాలెండర్ అడిగింది. సోమవారం పొద్దున తొమ్మిది కల్లా ఎనిమిది వందల నలభై ఒక్క మంది రుషికొండ మీది ఆఫీసు ముందు బస్సులు దిగారు.

ఇందులో వింతేమీ లేదు. ఆమె కంపెనీ ‘పందిరి’ అనే ఫ్రేమ్‌వర్క్ వాడుతోంది. సాఫ్ట్‌వేర్ అంతా మొదటినుంచి రాసుకునే శ్రమ లేకుండా, ఏ పనికి ఏ ముక్క కావాలంటే ఆ ముక్కను పందిరి పంపిస్తుంది. పూర్వం ఆ ముక్కలు కంప్యూటర్‌లోకే వచ్చేవి. తొమ్మిదో వెర్షన్ నుంచి మనుషులుగా వస్తున్నాయి. ఈ మార్పు సంగతి విడుదల పత్రం పద్నాలుగో పేజీలో చిన్న అక్షరాలతో ఉంది. చదవకపోవడం వాడేవాళ్ల తప్పు.

పెళ్లిళ్లకు ఫంక్షన్ హాళ్లు బుక్ చేసుకునే యాప్ అది. ఇందుమతికి సొంతంగా అప్పగించిన మొదటి పని. శ్రావణమాసం ముహూర్తాల బుకింగు గురువారం పది గంటలకు మొదలవ్వాలి. మొదలవ్వకపోతే హాళ్ల యజమానులు మళ్లీ కాగితం పుస్తకాలకే వెళ్లిపోతారని మేనేజర్ దివాకర్ చెప్పాడు. అంతా సిద్ధంగా ఉంది. తేదీ ఎంచుకోవడానికి ఒక క్యాలెండర్ మాత్రం తక్కువైంది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఎర్నాయుడు ఫోన్ చేశాడు. “అమ్మా, ఓపాలి కిందకొచ్చీండి. మీ మనుషులంట, దిగుతానే ఉన్నారు. పేర్లు రాసి నానిప్పటికి మూడు పుస్తకాలు నింపీసాను.”

ఇందుమతి దిగివెళ్లింది. అందరికంటే ముందు, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడిన పొడవాటి మనిషి క్యాలెండర్. ఆయన మర్యాదగా నమస్కారం పెట్టాడు.

“మిమ్మల్ని ఒక్కరినే రమ్మన్నానండీ,” అంది ఇందుమతి.

“నేను ఒక్కణ్ణే వచ్చానమ్మా. వీళ్లు నా వాళ్లు,” అన్నాడు క్యాలెండర్.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తేదీలు చూసే మనిషి లేకపోతే ఆయన పని చెయ్యలేడు. ఫిబ్రవరికి ఎన్ని రోజులో తేల్చే మనిషి లేకపోతే తేదీల మనిషి పని చెయ్యలేడు. ఇచ్చిన అంకె సరిసంఖ్యో బేసిసంఖ్యో చెప్పే బక్కపల్చటి పెద్దాయన తోడు లేకుండా ఫిబ్రవరి మనిషి ఇల్లు కదలడు. ఆ పెద్దాయనకు ముందుగా, ఇచ్చింది అసలు అంకేనా కాదా అని చూసే ఒక ఆవిడ కావాలి. ఆవిడ తన ఇద్దరు అక్కల్ని, వాళ్ల ఆడపడుచుల్ని తీసుకొచ్చింది. అందరి చేతుల్లోనూ సంచులున్నాయి. చివరి బస్సులోంచి దిగినవాళ్లలో నూటపది మందికి ఏ పనికి వచ్చారో తెలియదు గాని, వాళ్లను వెనక్కి పంపిస్తే మొత్తం బస్సులన్నీ వెనక్కి తిరుగుతాయని నిబంధన.

అందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టారు. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. తేదీల మనుషులు ఇద్దరు వచ్చారు. ఒకే మొహం, ఒకే మీసం, అన్నదమ్ములు. పెద్దాయనది రెండో వెర్షన్, చిన్నాయనది మూడో వెర్షన్. క్యాంటీన్‌లో సగం మందికి పెద్దాయన మాటే అర్థమవుతుంది, మిగతా సగానికి చిన్నాయన మాటే. ఇద్దరూ ఎదురుపడితే మాత్రం ఆరోజు ఏ తేదీ అన్నదానిమీద పేచీ వచ్చి మొత్తం ఆగిపోతుంది. పెద్దాయన నెలల్ని సున్నా నుంచి లెక్కపెడతాడు. ఆయన దృష్టిలో జనవరి సున్నా నెల.

దివాకర్ వడ్రంగిని పిలిపించి క్యాంటీన్ మధ్యలో ప్లైవుడ్ గోడ కట్టించాడు. అటు ఒక బంతి, ఇటు ఒక బంతి వేరే వేరే తేదీలతో భోజనాలు జరిగాయి. సాంబారు మాత్రం ఒకటే గిన్నెలోది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

రెండో వెర్షన్ పెద్దాయన కాలం చెల్లినవాడు. ఆ మేరకు ఆయన మెడలో పసుపు బిళ్ల ఉంది. గదిలోకి వచ్చినప్పుడల్లా, “నేను కాలం చెల్లినవాణ్ణి. దయచేసి నన్ను వాడొద్దు. ఎప్పుడో ఒకప్పుడు తీసేస్తారు,” అని గట్టిగా చెప్పి, తర్వాత కూర్చుని శుభ్రంగా పని చేసేవాడు. మొదటిరోజు ఇందుమతి లేచి నిలబడి విన్నది. రెండోరోజు తల ఊపింది. మూడోరోజుకి ఆమె చెవికి ఆ మాటలు ఫ్యాన్ చప్పుడులా అయ్యాయి. వేరే పనులకు ఆయన్ని పిలిచిన మిగతావాళ్లకు ఆఫీసులో ఆరేళ్లుగా అలాగే ఉందట.

మంగళవారం క్యాలెండర్ గారు పనిలో దిగారు. నొక్కితే తేదీలు వచ్చాయి గాని ఆదివారం ఉండాల్సిన చోట బుధవారం కూర్చుంది. ఇందుమతి పందిరి వాళ్ల మార్గదర్శిని తెరిచింది. అది ఏడో వెర్షన్ గురించి రాసిన పుస్తకం. అందులో వారాలు సరిచేసే మనిషి ఎడమవైపు నిలబడతాడని ఉంది. తొమ్మిదో వెర్షన్‌లో ఎడమవైపు తీసేశారు.

ఇదే చిక్కు వచ్చిన మనిషి కోసం ఇంటర్నెట్‌లో పాత చర్చలన్నీ వెతికితే ఒకరు దొరికారు. ఐదేళ్లనాడు పార్వతీపురం నుంచి ఒకాయన అచ్చం ఇదే సమస్య రాసి, కింద తనే, “సమస్య తీరిపోయింది, థ్యాంక్స్,” అని రాసుకున్నాడు. ఎలా తీరిందో రాయలేదు. ఇందుమతి ఆయన నంబరు సంపాదించి ఫోన్ చేసింది.

“ఔనమ్మా, నేనే రాశాను. అప్పుడు భలే ఇబ్బంది పడ్డాను,” అన్నాడాయన ఆప్యాయంగా.

“ఎలా తీరిందండీ?”

“ఏం చేశానో గుర్తులేదు తల్లీ. ఒకసారి అందరినీ బయటికి పంపి, మళ్లీ లోపలికి రమ్మన్నాను. అదో, లేకపోతే నేను ఉద్యోగం మానేశానో. రెండూ ఒక్కరోజే జరిగాయి.”

ఇందుమతి మొదటిది ఎంచుకుంది. ఎనిమిది వందల నలభై ఒక్క మందీ సంచులతో సహా గేటు బయటికి వెళ్లి, టీ తాగి, మళ్లీ లోపలికి వచ్చారు. ఆదివారం ఆదివారం చోటుకు చేరింది. ఎందుకు చేరిందో ఎవరూ అడగలేదు. ఆమెకు మాత్రం కళ్లు చెమర్చేంత సంతోషం వేసింది. ఎర్నాయుడు ఇంకో మూడు పుస్తకాలు అడిగాడు.

బుధవారం మధ్యాహ్నం దివాకర్ తన గదిలో చూపించమన్నాడు. ఇందుమతి బల్ల దగ్గర చకచకా పని చేసిన మనుషులు, దివాకర్ బల్ల దగ్గర గోడలకు ఆనుకుని నిలబడిపోయారు. ఏం అడిగినా పలకలేదు.

“నా బల్ల దగ్గర పని చేస్తున్నారండీ,” అంది ఇందుమతి.

“అయితే హాళ్ల యజమానుల దగ్గరికి నీ బల్లే పంపిద్దాం,” అన్నాడు దివాకర్. ఆయన అనుభవం ఉన్నవాడు.

ఆమె బల్ల, కుర్చీ, మంచినీళ్ల సీసా, కిటికీ మీది తులసి కుండీ, వాటి కింది ఆరడుగుల నేలతో సహా పెకలించి లారీ ఎక్కించి, మద్దిలపాలెంలో హాళ్ల యజమానుల కార్యాలయానికి తరలించారు. మనుషులు బస్సుల్లో వెంట వెళ్లారు. బల్ల దించగానే తేదీల అన్నదమ్ములు ఎడమొహం పెడమొహంగా, మిగతా అందరూ దాని చుట్టూ తమ తమ చోట్లలో సర్దుకుని హాయిగా పని మొదలుపెట్టారు.

గురువారం తొమ్మిదిన్నరకు అంతా ఆగిపోయింది.

క్యాలెండర్ గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. తేదీల అన్నదమ్ములు ఇద్దరూ మొదటిసారి ఒకే మాట అన్నారు, తమకేమీ తెలియదని. ఫిబ్రవరి మనిషి తల వంచుకున్నాడు. ఇందుమతి ఒక్కొక్కరినే అడుగుతూ వరస కిందికి దిగింది. సరి బేసి చెప్పే పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది.

బయట వీధిలో అప్పటికే పెళ్లివాళ్లు ఫోన్లు పట్టుకుని పది గంటల కోసం చూస్తున్నారు. ఒక అమ్మాయి తండ్రితో, తల్లితో, పంతులుగారితో సహా వచ్చింది. దివాకర్ గడియారం చూసుకున్నాడు. “సరి బేసి మనమే చెప్పలేమా? రెండుతో భాగిస్తే చాలు కదా,” అన్నాడు.

“అలా చెయ్యడం తొమ్మిదో వెర్షన్‌లో నిషేధమండీ,” అని ఇందుమతి బయటికి పరిగెత్తింది.

పెద్దాయన బస్‌స్టాప్‌లో సిమెంటు బెంచీ మీద ఉన్నాడు. సంచి ఒళ్లో పెట్టుకుని, వచ్చే బస్సుల నంబర్లు చూసి తనలో తాను, “సరి… బేసి… బేసి,” అనుకుంటున్నాడు. ఇందుమతి పక్కన కూర్చుంది. ఊపిరి అందాక అడిగింది.

“ఎందుకొచ్చీశారు?”

“మరేటి చెయ్యమంటావమ్మా,” అన్నాడాయన, కోపమేమీ లేకుండా. “పదకొండేళ్లయింది. దేశంలో ఎన్ని ఆఫీసుల్లో నా మీద పని నడుస్తాదో నాకే తెలీదు. నిన్న ఎవరో కుర్రమనిషి, ‘ఈ ముసలాయన ఏటి చేస్తాడు’ అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు. జవాబు చెప్పినోడు ఒక్కడూ లేడు. నా పేరన్నా ఎవరికీ తెలీదు.”

తనకూ ఆయన పేరు తెలియదని గుర్తొచ్చి ఇందుమతి సిగ్గుపడింది. “మీ పేరేంటండీ?”

“కుప్పిలి అప్పన్న.”

“అప్పన్నగారూ, నాకు మీరు కావాలి. క్యాలెండర్ గారి కోసం కాదు. మీరు కుర్చీలో లేకపోతే ఇవాళ ఎవరి పెళ్లికీ హాలు దొరకదు.”

ఎదురుగా ఇంకో బస్సు వచ్చి ఆగింది. “సరి,” అన్నాడాయన. అది బస్సు గురించి కాదని ఆయన లేచి నడిచాక తెలిసింది.

తొమ్మిదీ యాభై ఎనిమిదికి ఇందుమతి గది మధ్యలో నిలబడి, “వీరు కుప్పిలి అప్పన్నగారు. వీరు లేకపోతే మనం లేము,” అని అందరికీ వినబడేలా చెప్పింది. ఎనిమిది వందల నలభై మందీ లేచి నిలబడ్డారు. కొత్త సంగతి విన్నట్టు ఒకరి పేరు ఒకరు అడగడం మొదలుపెట్టారు. క్యాలెండర్ గారి పేరు వేంకటరత్నం అని అప్పుడే తేలింది. అన్నదమ్ములు కూడా ఒకరి పేరు ఒకరు అడిగారు.

పది గంటలకు బుకింగు తెరుచుకుంది. వీధిలో నిలబడిన అమ్మాయికి ఆగస్టు ఇరవై ఆరు దొరికింది. పంతులుగారు దారిలోనే మంత్రం చదివి ఆమెను ఆశీర్వదించారు. పన్నెండు లోపు రెండు వందల పెళ్లిళ్లకు హాళ్లు కుదిరాయి. యజమానులు జీడిపప్పు ఉప్మా, మైసూర్‌పాకు పెట్టించారు. ప్లైవుడ్ గోడ లేని గదిలో అందరూ కలిసి తిన్నారు. ఆరోజు ఏ తేదీ అన్న విషయం ఎవరూ ఎత్తలేదు. ఇంత ఆనందంగా ఇందుమతి ఎప్పుడూ లేదు.

శుక్రవారం ఆమెకు పందిరి నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె తయారుచేసిన బుకింగు పని ముక్క బాగుందట. ఎక్కడో ఒకరు దాన్ని అడిగారట. నిబంధన ప్రకారం ఆమె సోమవారం అక్కడ ఉండాలి, తనవాళ్లతో సహా.

“నేనా?” అంది ఇందుమతి.

“పేరు నీదే,” అన్నాడు దివాకర్, మనస్ఫూర్తిగా చెయ్యి కలుపుతూ. “పదోన్నతి లాంటిదే.”

ఆమె ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. ఎన్నాళ్లని అమ్మ అడిగితే, కాలం చెల్లేదాకా అని నవ్వుతూ అంది. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి సర్దుకుంది.

సోమవారం పొద్దున్నే బస్సులు బయలుదేరాయి. అప్పన్న ఆమెకు కిటికీ పక్క సీటు ఇచ్చి వేరుశెనగలు వలిచి పెట్టాడు. వెనక ఎవరో పాట అందుకున్నారు, బస్సంతా చప్పట్లు కలిపింది. తగరపువలస దాటాక ఇందుమతికి ఒక సందేహం వచ్చింది.

“అప్పన్నగారూ, మనం ఎక్కడికి వెళ్తున్నాం?”

“ముందు సీట్లోవాళ్లకి తెలుసునమ్మా.”

ఆమె ముందుకి వంగి అడిగింది. వాళ్లకి తెలియదు, వాళ్ల ముందువాళ్లకి తెలుసన్నారు. అలా అడుగుతూ పోయి డ్రైవర్ దగ్గరికి చేరింది.

“ముందు బస్సు వెనకాలే పోతన్నానండీ,” అన్నాడు డ్రైవర్.

“ముందు బస్సుకి తెలుసా?”

“దానికీ ముందో బస్సుందండీ,” అని ఆయన ధీమాగా హారన్ కొట్టాడు.

ఇందుమతి ఆ జవాబుతో తృప్తిపడి, తన సీట్లోకి వచ్చి, పాటలో గొంతు కలిపింది.