మెలకువను ఒప్పుకున్న ఉద్యోగిని

ఉద్యోగుల రాత్రి నిద్ర వాళ్ల సొంత వ్యవహారం కాదని, అది సంస్థ ఆస్తి అని, దాన్ని ఇంటికి తీసుకెళ్లి పాడుచేసే హక్కు ఎవరికీ లేదని లిఫ్టుల కంపెనీ సంక్షేమ విభాగం ఒక శుభోదయాన తేల్చేసింది.

ఇంతకీ కారణం ఫిర్యాదుల విభాగంలో ఫోనెత్తే ఆవిడ. కొన్నాళ్లుగా ఆవిడకు కంటి మీద కునుకు లేదు. లిఫ్టులో ఇరుక్కుపోయిన ఒక పెద్దమనిషికి ధైర్యం చెబుతూ చెబుతూ ఆవలించింది. బయటపడ్డాక ఆయన ఫిర్యాదు చేశాడు. ఇరుక్కున్నందుకు కాదు (అది ఆయనకు అలవాటే), ఆవలించినందుకు.

సంక్షేమాధికారి ఆవిడను పిలిపించాడు.

"మీరు నిద్రతో పోట్లాడుతున్నారమ్మా. అదే తప్పు. పట్టకపోతే పట్టలేదని ఒప్పుకోండి. ఎంత శాతం ఒప్పుకున్నారో పొద్దున్నే మన సంక్షేమ విభాగం యాప్‌లో వేయండి."

"ఒప్పుకోలేకపోతే సార్?"

"అప్పుడు ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం."

ఆ రాత్రి ఆవిడ దీక్షగా పడుకుని మేలుకునే ఉంది. పక్కన భర్త. పగలంతా కారు నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే మనిషి. తల దిండుకు ఆనితే చాలు, గుర్రు మొదలు. ఆవిడ భుజం పట్టి కుదిపింది.

"ఏమండీ, ఎంత ఒప్పుకున్నా సగం కూడా రావట్లేదండీ."

"వంద వేసెయ్యవే, ఎవడు చూడొచ్చాడు?" అని ఆయన అటు తిరిగాడు.

అబద్ధమాడటం చేతకాక ఆవిడ నలభై వేసింది. వెంటనే హెచ్చరిక వచ్చింది: మీ ఒప్పుకోలు విభాగం సగటు కన్నా బాగా తక్కువ. విభాగం సగటు తొంభై ఆరు. (విభాగంలో మిగతా అందరూ శుభ్రంగా నిద్రపోయేవాళ్లే.)

ఒక రాత్రి ఆవిడకు పోట్లాడే ఓపిక కూడా అయిపోయింది. ఫ్యాను కిర్రుమంటోంది, అననీ. ఎదురింటి దీపం గోడ మీద పడుతోంది, పడనీ. ఉద్యోగం పోతుందేమో, పోతే పోనీ. గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. నిద్ర రాలేదు, రాలేదన్న ఏడుపూ రాలేదు. తెల్లారాక నిజాయితీగా వంద వేసింది.

వారం తిరక్కుండా నిద్ర దానంతటదే వచ్చింది. ఒళ్లెరగని నిద్ర. "ఏమే, బతికే ఉన్నావా?" అని భర్త కంగారుగా లేపాల్సి వచ్చింది.

ఆ సంతోషంలో ఆవిడ సంక్షేమాధికారి గదికి పరుగు పరుగున వెళ్లింది. ఆయన లేచి నిలబడి మరీ ఒక ఉత్తర్వు అందించాడు. సంస్థలో మెలకువను సంపూర్ణంగా, నిజాయితీగా ఒప్పుకున్నది ఆవిడే కనుక, ఇకపై ఆవిడకు శాశ్వతంగా రాత్రి షిఫ్టు.

"అయ్యో సార్, నాకిప్పుడు నిద్ర పడుతోంది!"

ఆయన ముఖం చిన్నబోయింది. యాప్ తెరిచి కిందా మీదా చూశాడు.

"అది వేయడానికి ఇందులో చోటు లేదమ్మా."

"మరి రాత్రంతా కూర్చోవాలంటే ఎలా సార్? నిద్ర ముంచుకొస్తే?"

"ముంచుకొస్తోందని ఒప్పుకోండి," అన్నాడాయన ఎంతో ఆప్యాయంగా. "ఒప్పుకుని, మేలుకోండి."