అనసూయ హద్దు రాళ్లు

"ఏమండీ, ఇవాళ మన రోడ్డు ఎవరన్నా లాగేసుకుంటారేమోనండీ!"

పొయ్యి మీద పాలు ఇంకా పొంగలేదు, అనసూయ బెంగ మాత్రం పొంగిపోయింది. భర్త వెంకట్రామయ్య పళ్లు తోముకుంటూ ఆకాశం వంక చూశాడే గాని మాట్లాడలేదు. ఆవిడ బెంగలకు జవాబు చెప్పడం ఆయన మానేసి చాలా కాలమైంది.

రోడ్డు ప్రభుత్వానిదే. కానీ దివిసీమలో కోతలయ్యాక ఎవరి ఇంటి ముందు తారు వాళ్లది. మధ్యలో బస్సు పట్టేంత వదిలి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ధాన్యం ఆరబోసుకుంటారు. ఆ రాళ్లే పట్టా. నిన్నటి జల్లుకు వీళ్ల ధాన్యం తడిసింది. రేపు మళ్లీ వానంటున్నారు. ఇవాళ ఎండకపోతే మొలకలొచ్చి ఏడాది కష్టం కోళ్ల పాలు. ఊరి చివర కొత్త సిమెంటు కళ్లం ఉంది గాని, దానికి రిబ్బను కట్టి తాళం వేశారు. రిబ్బను కత్తిరించాల్సిన పెద్దమనిషికి ఇంకా తీరిక దొరకలేదు.

అనసూయ వెళ్లి రాళ్లు పెట్టింది. రాళ్లు జరిపేస్తారేమోనని రోలు దొర్లించింది. రోలు కూడా దొర్లించేస్తారేమోనని నులక మంచం వేసింది. మంచం కాళ్లు రోడ్డు మధ్య తెల్లగీత దాటాయి.

ఎదురింటి కౌలురైతు అబూబకర్ గుమ్మంలోంచి చూశాడు. అతని ధాన్యమూ తడిసే ఉంది.

"అక్కయ్యా, మంచం మధ్యకొచ్చేసిందే!"

"హద్దుకి పెట్టాను తమ్ముడూ."

"మీ హద్దు అక్కడిదాకా వస్తే మాదెక్కడుంటదీ?" అంటూ అతను నీళ్ల డ్రమ్ము తెచ్చి మంచానికి ఆనించాడు. అది చూసి పక్కిళ్లవాళ్లు బెంచీలు తెచ్చారు. ఒకాయన చెడిపోయిన ఫ్రిజ్జే ఈడ్చుకొచ్చాడు.

మచిలీపట్నం బస్సు వచ్చి మంచం ముందు ఆగింది. కండక్టరు ఏసుబాబు దిగాడు.

"ఏంటమ్మా, ధర్నానా?"

ధాన్యం ఎండలేదు గాని అనసూయ గొంతు ఎండిపోయింది. "కాదు బాబూ, మా ధాన్యం తడిసి..."

"తడిసిన ధాన్యానికి ధర్నా అంట, దిగండి!" అని ఏసుబాబు బస్సులోకి కేకేశాడు.

జనం దిగారు. వెనక ఆటోలు, లారీలు బారులు తీరాయి. ఎవరో నినాదం ఎత్తుకున్నారు. హడలిపోయి మంచం తీసేయబోయింది అనసూయ. "భయపడకండమ్మా, మేమున్నాం!" అని నలుగురు దాని మీదే కూర్చున్నారు.

కాలేజీకి బయల్దేరిన కూతురు శ్రీజ ఫోను చూస్తూ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! 'మంచంతో రోడ్డు ఆపిన వీరవనిత' అంట, నువ్వే!"

"నన్ను జైల్లో పెడతారే తల్లీ! మీ నాన్నకి పథ్యం వంట ఎవరు చేస్తారే!"

అంతలో తహసీల్దారుగారి జీపు వచ్చింది. అందరూ పక్కకు తప్పుకున్నారు. మంచం దగ్గర అనసూయ ఒక్కతే మిగిలింది.

"మీ డిమాండ్లేంటమ్మా?" జీపు దిగుతూనే అడిగింది తహసీల్దారమ్మ.

"డిమాండ్లు కాదండీ, భయాలండీ." నోరంటూ తెరిచాక ఇక ఆగలేదు. "ఇవాళ ఎండకపోతే మొలకలొస్తాయండీ. రోడ్డు మీద పోస్తే ఏ బండో జారి ఎవరి బిడ్డకో కాలు విరుగుద్దండీ. ఆ సిమెంటు కళ్లం రిబ్బను చివికిపోతే, మళ్లీ కొత్త రిబ్బను కట్టడానికి ఇంకో ఏడు పట్టుద్దేమోనండీ!"

జనం గొల్లుమన్నారు. తహసీల్దారు నవ్వలేదు. ఆగిపోయిన బండ్ల వరస చూసింది, గాల్లోకి లేచిన ఫోన్లు చూసింది.

"ఆ కళ్లం తాళం తెప్పించండి."

తాళం వచ్చింది గాని కత్తెర దొరకలేదు. అబూబకర్ కొడవలి అందించాడు. "కొయ్యి అక్కయ్యా, నీదే ఓపెనింగు!"

తెగదేమోనని భయపడుతూనే అనసూయ ఒక్క వేటుకు రిబ్బను తెంపింది. అవతల రోడ్డు మీద మంచం, డ్రమ్ము పక్కకి జరిపేశారు. బస్సు హారను మోగించి, చేతులూపుతున్న ప్రయాణికులతో కదిలింది. చూస్తుండగానే ఊరి ధాన్యమంతా సిమెంటు మీద పసుప్పచ్చగా పరుచుకుంది.

సాయంత్రానికి గింజలు గలగలలాడాయి. అనసూయ తన ధాన్యానికి నాలుగు మూలలా రాళ్లు పెట్టి, వెంకట్రామయ్య పక్కన కూలబడింది.

"ఏమండీ, ఇక్కడన్నా మన చోటు ఎవరూ లాక్కోరు కదండీ?"

పొద్దుట్నుంచీ పెదవి విప్పని వెంకట్రామయ్య ఆకాశం చూశాడు. రాళ్లు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎవడు లాక్కుంటాడే? నీ మంచం పక్కకి జరపడానికే గవర్నమెంటు దిగి రావాల్సొచ్చింది."