కాశన్న ఇంటి జపాను భోజనం

ఆ రోజు పొద్దున సాయిప్రసాద్ పెట్టుకున్న పని చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా ఒకుడా గారికి ఒక మంచి జపాను భోజనం పెట్టించాలి. ఒకుడా జపాను నుంచి వచ్చిన ఇంజనీరు. కర్నూలు శివార్లలో సాయిప్రసాద్ పనిచేసే పంపుల ఫ్యాక్టరీని చూసి, ఇక్కడి పంపులు తమ కంపెనీ కొనవచ్చో లేదో తేల్చవలసిన మనిషి. ఆ ఆర్డరు రాకపోతే రెండో షిఫ్టు మూతపడుతుందని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. రెండో షిఫ్టుకు సూపర్‌వైజరు సాయిప్రసాదే కాబట్టి అతనికి ఇంకొంచెం బాగా తెలుసు.

పంపుల్లో ఏ లోపమూ దొరకలేదు. చిక్కంతా తిండి దగ్గర వచ్చింది. వచ్చిన రోజు గౌరవంగా పెట్టిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఒకుడా కడుపులో ఏం చేశాయో గానీ, అప్పటినుంచి ఆయన అరటిపండ్లు, బిస్కెట్లు తప్ప ఏదీ ముట్టడం లేదు. ఎవరు ప్లేటు తెచ్చినా నడుం వంచి దణ్ణం పెట్టి వెనక్కి పంపేస్తున్నాడు. ఆ సాయంత్రమే హైదరాబాదు వెళ్ళిపోతానని కూడా అన్నాడు.

"కడుపు కాలుతాండేటోడు సంతకం పెట్టడప్పా," అన్నాడు మేనేజరు వీరభద్ర. "ఇంత పెద్ద ఊళ్ళో జపానోళ్ళ అన్నం యాడన్నా దొరక్కపోదు. ఎతుకు."

సాయిప్రసాద్ ఫోన్లో వెతికాడు. మొదట 'సుశీ మీల్స్' అని కనిపిస్తే ప్రాణం లేచివచ్చింది. ఫోన్ చేస్తే, సుశీ అంటే ఓనరు కూతురు సుశీల అనీ, అక్కడ సంగటి, నాటుకోడి పులుసు దొరుకుతాయనీ తేలింది. తర్వాత 'టోక్యో ఫాస్ట్‌ఫుడ్' దొరికింది. అది బస్టాండు దగ్గర బండి. "జపానుదేనా?" అని అడిగితే, "నూడిల్సు మనవే సార్, పేరు జపానుది," అని బండాయన నిజాయితీగా చెప్పాడు.

మూడోది పాత ఊళ్ళో, బురుజు వెనక సందులో ఉంది. 'కాశన్న జపాను భోజనం. మధ్యాహ్నం మాత్రమే.' బొమ్మలు లేవు. ఫోన్ నంబరు మాత్రం ఉంది. చాలాసేపు మోగాక ఒక ముసలి ఆడగొంతు పలికింది.

"ఎవురప్పా?"

"అమ్మా, ఈ పొద్దు జపాను భోజనం ఉంటాదా?"

"గట్టిగా చెప్పు నాయనా, చెవులు మందం."

సాయిప్రసాద్ గట్టిగా అడిగాడు.

"ఉండాది. ఆయనకు ఇష్టమైనవన్నీ చేస్తాండాం."

"ఆయనంటే కాశన్న గారా?"

"ఇంగెవురు. ఎండ నడినెత్తికి వచ్చినాక వస్తాడు."

"మేమూ ఆ వేళకే వస్తాం. ముందుగా ఏమన్నా చెప్పి పెట్టుకోవాల్నా?"

"చెప్పేదేముండాది. వాకిలి తీసే పెడతాం. వచ్చేటోళ్ళు వచ్చి తినిపోతారు. ఆ వేళకు మేం ఎదురుగా ఉండగూడదు గదా."

ఆ చివరి మాట సాయిప్రసాద్‌కు కొంచెం వింతగా అనిపించింది. వడ్డించేవాళ్ళు కంటబడకపోవడం జపాను హోటళ్ళలో మర్యాద కాబోలు అని సర్దుకున్నాడు.

ఎండ మండిపోతున్న వేళకు కారు పాత ఊరు చేరింది. సందులో కారు పట్టదు. డ్రైవరు కంబన్న కారు మొదట్లోనే నిలిపి, వాళ్ళతో పాటు నడిచాడు. సందులో ఒక్క మనిషి లేడు. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. కాలవ పక్కన పడుకున్న కుక్క తలెత్తి చూసింది గానీ మొరగలేదు. వాళ్ళ అడుగుల చప్పుడు గోడలకు తగిలి, వెనక ఇంకెవరో నడుస్తున్నట్టుగా వినిపిస్తోంది. కంబన్న రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"ఈ వేళప్పుడు మా అవ్వ మమ్మల్ని వాకిలి దాటనిచ్చేది కాదు సార్," అన్నాడు.

"హోటలుకు ఈ వేళ కాక ఏ వేళ వస్తారప్పా?"

సందు చివర, తలుపు సగం తెరిచి ఉన్న ఇల్లు ఒక్కటే ఉంది. బోర్డు లేదు. పిలిస్తే ఎవరూ పలకలేదు. లోపల చీకటిగా, చల్లగా ఉంది. ఊదుబత్తి వాసన, దాని కింద కాల్చిన చేప వాసన. నాపరాళ్ళ నేల మీద ఒకే ఒక పొట్టి బల్ల, దాని ముందు ఒకే ఒక చాప. బల్ల మీద నల్లటి గిన్నెల్లో అన్నం, పొరలు పొరలుగా చుట్టిన అట్టు లాంటి గుడ్డు, చేప ముక్క, ముల్లంగి ఊరగాయ, చారు. పక్కన రెండు పుల్లలు. అన్నింటి మీదా ఆవిర్లు లేస్తున్నాయి. వాటిని వండిన మనిషి జాడ మాత్రం లేదు. గోడకు ఒక పెద్దాయన పటం, దానికి బంతిపూల దండ, కింద దీపం.

ఒకుడా గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. బూట్లు విప్పి, పటానికి దణ్ణం పెట్టి, చాప మీద కూర్చుని, ఎవరి కోసమూ ఆగకుండా చారు గిన్నె మూత తీశాడు.

"సార్," అన్నాడు కంబన్న మెల్లగా. "ఆ బీడీ చూడండి."

బల్ల చివర సాసరు అంచున ఒక బీడీ వెలుగుతోంది. తాగేవాళ్ళెవరూ లేరు. పొగ మాత్రం తిన్నగా పైకి లేస్తోంది.

"ఎవరో ఇప్పుడే లోపలికి పోయింటారు," అన్నాడు సాయిప్రసాద్. ఇంటివాళ్ళను పిలుద్దామని పొద్దున్నే చేసిన నంబరుకే మళ్ళీ చేశాడు.

ఫోన్ ఆ గదిలోనే మోగింది. పటం కింద, దీపం పక్కన.

ముగ్గురూ అటు చూశారు. ఫోన్ తెరమీద ఒక బొమ్మ వెలిగింది. పటంలో ఉన్న పెద్దాయనే, దండ లేకుండా నవ్వుతున్నాడు.

"సార్," అన్నాడు కంబన్న, "పొద్దున మీరు మాట్లాడింది ఈయన ఫోనుకే." ఆ మాట పూర్తయ్యేసరికి అతను గడప దాటాడు. సాయిప్రసాద్ వెంటపడ్డాడు. ప్రాణభయంతో పరుగెత్తే మనిషిని ఉద్యోగ భయంతో పరుగెత్తేవాడు అందుకోలేడు. సందు మొదటికి చేరేసరికి కారు దుమ్ము మాత్రమే మిగిలింది.

ఆ దుమ్ము అణగకముందే వీరభద్ర ఫోన్ చేశాడు.

"ఏమప్పా సాయిప్రసాదూ, జపానాయన్ను దయ్యాల కొంపలో కూచోబెట్టి అన్నం పెట్టిస్తాండావంట? కంబన్న ఏడుస్తాండాడు."

"దయ్యం కాదు సార్, హోటలే."

"ఇంగ ఆయన్ను ఎవురు చూస్తాండారు?"

ఒకుడాను ఆ గదిలో ఒంటరిగా వదిలి వచ్చానన్న సంగతి సాయిప్రసాద్‌కు అప్పుడే తట్టింది. వెనక్కి పరుగెత్తాడు.

ఒకుడా క్షేమంగానే ఉన్నాడు. వాకిలి వైపు వీపు పెట్టి, గిన్నె రెండు చేతులతో ఎత్తి, జుర్రుమని చారు తాగుతున్నాడు. కానీ పెరటి తలుపు దగ్గర చీకట్లో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. తలంటుకున్న జుట్టు ఆరక భుజాల మీద పడి ఉంది. రెప్ప వెయ్యకుండా ఒకుడానే చూస్తున్నారు. సాయిప్రసాద్‌కు పారిపోదామనే అనిపించింది.

"నువ్వెవురప్పా?" అంది వాళ్ళలో ముసలామె. పొద్దున ఫోన్లో విన్న గొంతే. "నువ్వూ ఆయనతోనే వచ్చినావా?"

"ఆయనతోనే వచ్చినానమ్మా."

"అవునవును. ఒంటిగా పంపరు గదా." ఆమె కొంచెం ముందుకు వచ్చింది. "మీరుండే తావున అంతా బాగుండాదా?"

ఫ్యాక్టరీ గురించే అనుకున్నాడు సాయిప్రసాద్. "బాగుండాది. కొలిమి దగ్గర వేడే కొంచెం ఎక్కువ."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నామె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆడ గూడా పనేనా?" అంది ముసలామె.

"రెండు షిఫ్టులు. ఇంగ ఒక షిఫ్టు ఉంటాదో పోతాదో ఈయన చేతిలోనే ఉండాది."

"అంత పెద్దోడయినాడా," అంది చిన్నామె మెల్లగా. "మొగం మారింది గానీ, కూచునేది, జుర్రుకునేది అంతా ఆయనే వదినా. మళ్ళా పుడితే జపానులోనే పుడతా అని ఎన్ని సార్లన్నాడు."

"పుట్టి ఏడాది గూడా గాలేదే, అప్పుడే తల నెరిసిందా?" అంది ముసలామె.

అప్పుడు ఒకుడా వెనక్కి తిరిగి, కూర్చున్నచోటు నుంచే వాళ్ళిద్దరికీ నడుం వంచి దణ్ణం పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో ఇంకొంచెం అన్నం దొరుకుతుందా అని అడిగాడు. చచ్చిపోయినవాళ్ళు ఇంగ్లీషు మాట్లాడతారని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. దాంతో అసలు సంగతి నెమ్మదిగా బయటపడింది.

చిన్నామె ప్రమీలారాణి, కాశన్న భార్య. ముసలామె భీమమ్మ, కాశన్న అక్క. వాళ్ళది కోసిగి దగ్గరి పల్లె. వానలు లేని ఏట ఆ వైపు జనం గుంటూరుకు సుగ్గికి, అంటే కోతల వలసకు, పోయి మిరపకాయలు కోసి వస్తారు. కాశన్న ఇంకొంచెం దూరం పోయాడు. బొంబాయిలో గిన్నెలు కడుగుతూ కడుగుతూ జపానులోని ఒసాకాలో ఒక చిన్న హోటలు వంటింట్లో తేలాడు. సగం వయసు అక్కడే గడిపి, కర్నూలుకు తిరిగొచ్చి ఇంట్లోనే జపాను భోజనం పెట్టాడు. సోయా దొరక్కపోతే శనగలు పులియబెట్టి చారు కాచేవాడు. తినేవాళ్ళు కొద్దిమందే అయినా ఏనాడూ మానలేదు. పోయిన ఏడాది ఇదే రోజు కన్నుమూశాడు. ఫోన్లో వెతికితే కనబడే ఆ భోజనశాల పేరు తీసేయడం ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. ఆయన ఫోనుకు చార్జింగు పెట్టడం మానేయడం కూడా ప్రమీలారాణికి చేతకాలేదు.

ఈ రోజు ఆయన ఏటి దినం. పెద్దలకు అన్నం, వాళ్ళు ఇష్టంగా తాగే బీడీతో సహా, పెట్టినప్పుడు వాకిలి తీసి, ఇంటివాళ్ళు కాసేపు ఎదుట లేకుండా పోవాలి. వదినా మరదళ్ళు పెరట్లో గోడ నీడన కూర్చున్నారు. ఉదయం గోడ మీద పెట్టిన ముద్దను ఒక్క కాకీ ముట్టలేదు. ఆయనకు ఏదో అసంతృప్తి ఉందని ఇద్దరికీ దిగులు. ఆ దిగుల్లో ఉండగా లోపల ఆయన ఫోన్ మోగింది. తర్వాత ఎవరో చారు జుర్రుతున్న చప్పుడు భీమమ్మ చెవులకు కూడా వినిపించింది.

సాయిప్రసాద్ తల ఎత్తలేకపోయాడు. చనిపోయిన మనిషికి పెట్టిన అన్నం ఒకుడాకు తినిపించినందుకు ఏ మాటతో క్షమాపణ అడగాలో అతనికి తెలియలేదు. "తప్పయిపోయిందమ్మా," అని మాత్రం అన్నాడు.

ప్రమీలారాణి ఖాళీ గిన్నెలు చూస్తూ ఉంది. "ఏమీ మిగల్చకుండా తిన్నాడే," అంది. చెంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి, అన్నం తెచ్చి ఒకుడా గిన్నె నింపింది. ఆయన అదీ తిన్నాడు. ఇంకోసారి నింపితే అదీ తిన్నాడు. సాయంత్రం హైదరాబాదు ప్రయాణం మానుకుంటున్నాననీ, రేపు మధ్యాహ్నం కూడా ఇక్కడికే వస్తాననీ చెప్పాడు. ఆ మాటను సాయిప్రసాద్ వీరభద్రకు ఫోన్లో చేరవేశాడు. "అయితే దయ్యం మంచిదే," అన్నాడు వీరభద్ర.

వెళ్ళే ముందు బూట్లు వేసుకుంటూ ఒకుడా ఇంకో మాట అన్నాడు. సాయిప్రసాద్ దాన్ని మళ్ళీ చెప్పించుకున్నాడు. 

"ఏమంటాండాడు?" అంది ప్రమీలారాణి.

"ఏం లేదు లేమ్మా."

"చెప్పప్పా."

"లోపలున్న పెద్దాయనకు గూడా తన దణ్ణాలు చెప్పమంటాండాడు. నేను బయటికి పోయినప్పుడు వంటింటి గడప దగ్గర నిలబడి పలకరించినాడంట. ఒసాకా యాసలో మాట్లాడితే సొంతూరికి పోయినట్టుండిందంట."

ఒకుడా నవ్వుతూ పటం వైపు చెయ్యి చూపించి, ఇంకోసారి వంగాడు. పటానికి దండ ఉంటే పోయిన మనిషని ఆయనకు తెలియదు. వారం నుంచి ప్రతి మీటింగులోనూ ఆయన మెడలోనూ ఒకటి వేస్తూనే ఉన్నారు.

భీమమ్మ మరదలి చెయ్యి పట్టుకుంది. సాయిప్రసాద్ వంటింటి గడప వైపు చూడకుండా నిలబడ్డాడు.

"ఏం మాట్లాడినాడంట?" అంది ప్రమీలారాణి చివరికి.

"చారులో ఉప్పు ఎక్కువైంది, ఏమనుకోవద్దు, మా ఇంటామె చెయ్యి అంతే అన్నాడంటమ్మా."

ప్రమీలారాణి చెయ్యి విడిపించుకుని, తిన్నగా ఆ గడప దాటి వంటింట్లోకి వెళ్ళింది. చారు గిన్నెలో గరిటె కదిలిన చప్పుడైంది. కాసేపటికి బయటికి వచ్చి పటం ఎదుట నిలబడింది.

"ఎక్కువే అయింది," అంది. "అయితే మాత్రం, వచ్చినోళ్ళ ముందర చెప్పాల్నా?"