మూడు నెలల మొహం, నాలుగు రోజుల్లో

ఆ సోమవారం పొద్దున గుక్ మాన్సిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చెత్త వేరు చేసే రోజు కాబట్టి తొమ్మిదింటికల్లా గాజు ఒక పక్క, ప్లాస్టిక్ ఒక పక్క పేర్చెయ్యాలి. పదింటికి కాపలా గదిలో హీటరు పక్కన కూర్చుని పొట్లం కాఫీ కలుపుకోవాలి. పదకొండింటికి ఆ కాఫీ ఎంత బాగుందో ఆలోచించాలి. బుప్యొంగ్ అనే ఊళ్ళో ఒక అపార్టుమెంట్ల సముదాయంలో, వంద మూడో బ్లాకుకి పదకొండేళ్ళుగా వాచ్‌మన్‌గా ఉన్న మనిషికి అంతకన్నా పెద్ద కోరికలు ఉండవు.

అంతలో ఆఫీసు నుంచి నోటీసులు వచ్చాయి. లిఫ్టుల్లో నోటీసులు అంటించడం వాచ్‌మన్ పని. మాన్సిక్ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు. అయినా నాలుగు మూలలా టేపు వేసి, అరచేత్తో నిమిరి, శ్రద్ధగా అంటించాడు. అందులో ఏముందో పక్క బ్లాకు వాచ్‌మన్ తక్ దొక్‌బె వచ్చి చదివి వినిపించాడు.

"శుక్రవారం సంఘం మీటింగులో వాచ్‌మన్ల మూడు నెలల కాంట్రాక్టు మళ్ళీ పొడిగించాలో వద్దో తేలుస్తారట. చూడగానే చురుగ్గా కనిపించేవాళ్ళకే ప్రాధాన్యమట. కింద అధ్యక్షురాలు పియో మిరాన్ సంతకం. బాగా అంటించావురా తమ్ముడూ, ఎక్కడా ముడత లేదు. నీ మొహాన్ని కూడా ఎవరైనా ఇలా అంటిస్తే బాగుండేది."

"చురుగ్గా అంటే ఏంటన్నా? పదిహేనో అంతస్తు దాకా మెట్లెక్కి పోతాను కదా నేను."

"ఎక్కుతావు. ఎవడు చూశాడు? కనపడేది మొహం. నీదేమో చలికాలం తాడుకి ఎండేసిన చేపలా ఉంది. నన్ను చూడు, డెబ్భై రెండు. నిన్ననే జుట్టుకి రంగేశా."

ఆ రంగు జుట్టు దగ్గర ఆగకుండా చెవుల దాకా దిగింది. ఆ మాట మాన్సిక్ అనలేదు. మూడేళ్ళు పెద్దవాడు, అన్న అన్నే.

ఉద్యోగం పోతే మాన్సిక్‌కి తిండికేం లోటు రాదు. భయమల్లా ఇంట్లో కూర్చోవడమే. ఖాళీగా ఉన్న మగవాడు కనిపిస్తే చాలు, అతని భార్య పిల్‌సూన్ వెల్లుల్లి బుట్ట తెచ్చి ముందు పెడుతుంది. కిమ్చీ పచ్చడి పెట్టే రోజులు దగ్గరకొచ్చాయి కూడా. ఇంకో సంగతి ఉంది, అది అతను పైకి అనడు. పొద్దున్నే ఆ బ్లాకులో వందమందికి పైగా "వెళ్ళొస్తాం బాబాయ్" అని అతనికి చెప్పి మరీ పనులకి పోతారు. ఆ మాట చెవిన పడకపోతే అతనికి తెల్లవారినట్టే ఉండదు.

ఆలోచిస్తూనే చెత్త దగ్గరికి వెళ్ళాడు. రూలు ప్రకారం సీసాలో మిగిలింది ఒంపేసి, కడిగి, అప్పుడు పారెయ్యాలి. ఎవరూ ఒంపరు. ఆ పదిహేను అంతస్తుల్లో ఆడామగా అంతా మొహానికి ఏడేసి పూతలు పూసేవాళ్ళే. కొత్తది రాగానే పాతదాన్ని సగంలో వదిలేస్తారు. వాటిని పదకొండేళ్ళుగా మాన్సిక్ ఒంపి కడుగుతున్నాడు. ఆ పుణ్యాన వంద మూడో బ్లాకు మురుగుకాలువ ఊళ్ళోకెల్లా నున్నగా ఉంటుంది.

ఆ రోజు ఒంపబోయిన చెయ్యి ఆగింది.

ఏడో అంతస్తు సొల్‌గి అప్పుడే దిగి వస్తోంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, అలంకరణ సామాన్ల కొట్లో పని.

"సొల్‌గీ, ఈ సీసా ఎందులో వెయ్యాలమ్మా?"

"గాజే కదా బాబాయ్."

"గాజేలే. మరి లోపలిది? అదేంటో తెలిస్తే వేరు చెయ్యడం సుళువు."

సొల్‌గి సీసాని చూసింది, అతన్ని చూసింది. "పిన్నికా?"

"ఆ, మీ పిన్నికే."

"ఇది రెటినాల్. ముడతలకి. రాత్రిపూట బఠాణీ గింజంత, వారానికి రెండుసార్లు, అంతే. ఇది ఆసిడ్, పైన చచ్చిన తోలుని ఊడగొడుతుంది. ఈ రెండూ ఒకే పూట కలపొద్దని చెప్పు పిన్నికి. ఇదేమో విటమిన్ సి, పొద్దున రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం సన్‌స్క్రీన్. అది రాయకపోతే ఇవన్నీ దండగ."

"తేడా ఎప్పటికి తెలుస్తుంది?"

"ఓపిక పడితే మూడు నెలలు."

మాన్సిక్ దగ్గర ఉన్నవి నాలుగు రోజులు. బయటి కార్ల నంబర్లు రాసే రిజిస్టరు తీసి, అందులో ఒక కొత్త పేజీ మీద, కళ్ళు చికిలించుకుని, సీసాల పేర్లు రాసుకున్నాడు. ఎవరి చెత్త సంచి ఎవరిదో అతనికి చూడగానే తెలుసు, కాబట్టి ఏ సీసా ఏ ఇంటిదో కూడా పక్కన వేశాడు. ఫలానా కారు ఫలానా ఫ్లాటుకి వచ్చిందని పదకొండేళ్ళు రాసిన చెయ్యి, దానికి ఇంకోలా రాయడం రాదు. తర్వాత లెక్క వేశాడు. వారానికి రెండు చొప్పున పన్నెండు వారాలు, మొత్తం ఇరవైనాలుగు పూతలు. నాలుగు రోజులకి పంచితే రోజుకి ఆరు.

ఆ దేశంలో ఈ లెక్క ఎవరికీ తప్పనిపించదు. లిఫ్టు తలుపు దానంతటది మూసుకునే దాకా ఆగలేక మీట నొక్కేవాళ్ళు, కాఫీ యంత్రంలో కప్పు నిండకముందే చెయ్యి పెట్టేవాళ్ళు, బస్సు ఆగకముందే లేచి తలుపు దగ్గర వేలాడేవాళ్ళు. వాళ్ళ పెద్దలు రోడ్లు వేసి ఆ దేశాన్ని నిలబెట్టింది మూడు నెలల పని నాలుగు రోజుల్లో చేసే. రోడ్లకి పనికొచ్చిన సూత్రం మొహానికి పనికిరాదని మాన్సిక్‌కి ఎందుకనిపిస్తుంది?

బఠాణీ గింజ సంగతి కూడా సవరించాడు. ఇరవై ఆరేళ్ళ మొహానికి బఠాణీ అయితే, అరవైతొమ్మిదేళ్ళ మొహానికి తక్కువలో తక్కువ రేగుపండంత ఉండాలి. కలపొద్దన్న మాట పిల్‌సూన్‌కి చెప్పమంది, తనకి కాదు. ఇక సన్‌స్క్రీన్ వెతికితే ఒక్క చుక్క దొరకలేదు. ఆ బ్లాకు వాళ్ళు ఆ ట్యూబు ఒక్కదాన్నే కత్తిరించి, గీకి, తుడిచి మరీ పారేస్తారు.

మంగళవారం మధ్యాహ్నానికి మొహం మెరిసింది. "ఏరా, నెయ్యి రాసిన అట్టులా ఉన్నావు," అన్నాడు దొక్‌బె. దాన్ని మెచ్చుకోలు అనుకుని మాన్సిక్ ఆ పూట రెండు పూతలు ఎక్కువ వేశాడు. వేసి, ఎండలో నిలబడి రాలిన ఆకులు ఊడ్చాడు. బుధవారం పొద్దున అద్దంలో చూసుకుంటే కనురెప్పలు ఉబ్బి, బుగ్గలు మిరపకాయ ముద్దలా ఎర్రబడి, గడ్డం దగ్గర తోలు పొరలు పొరలుగా లేచి ఉంది.

"ఏమయ్యా, మొహం ఎక్కడన్నా పొయ్యి మీద పెట్టావా?" అంది పిల్‌సూన్.

"చలిగాలి."

"చలిగాలికి మొహం ఉడుకుతుందా? నలభై ఏళ్ళుగా సబ్బు తప్ప ఎరగవు. ఇప్పుడు ఎవర్ని మురిపించాలని ఈ సోకులు?"

"పియో మిరాన్‌ని," అన్నాడు మాన్సిక్, నిజాయితీగా.

తర్వాత ఆ ఇంట్లో కాసేపు జరిగింది ఇక్కడ చెప్పడం బాగుండదు. అసలు సంగతి అర్థమయ్యాక పిల్‌సూన్ అతని చెయ్యి పట్టుకుని బజారులో చర్మం డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. మొహానికి ఏం పూశారని డాక్టరు అడిగితే మాన్సిక్ రిజిస్టరు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. నాలుగో పేరు దగ్గర డాక్టరు కలం కింద పెట్టేశాడు.

"ఎన్ని వారాల నుంచి?"

"సోమవారం నుంచి."

"పెద్దాయనా, అన్నీ ఆపెయ్యండి. గోరువెచ్చని నీళ్ళు, ఈ మామూలు క్రీము, బయటికెళ్తే టోపీ, సన్‌స్క్రీన్. వారం రోజులు మొహం జోలికి పోకండి."

అక్కడితో కథ అయిపోవాల్సింది. కానీ టోపీ, మాస్కు పెట్టుకుని మెట్లు దిగుతున్న మాన్సిక్‌కి పదకొండో అంతస్తు ఆవిడ ఎదురొచ్చింది. ఎర్రటి మొహం, టోపీ, మాస్కు, చర్మం డాక్టరు మెట్లు. ఆ ఊళ్ళో ఈ నాలుగూ ఒకచోట కనిపిస్తే ఒకటే అర్థం. లేజరు చేయించుకున్నాడు. వారం ఎర్రగా ఉంటుంది, పై వారానికి పసిపిల్లాడి చర్మం వస్తుంది.

గురువారం పొద్దున కాపలా గది ముందు నారింజపళ్ళ సంచి ఉంది. పక్కన కాల్చిన చిలగడదుంపలు, వాటి పక్కన బలానికి తాగే జిన్‌సెంగ్ వేరు డబ్బా.

"బాబాయ్ గారూ, ఏ డాక్టరండీ?" అంది పదకొండో అంతస్తు ఆవిడ గొంతు తగ్గించి.

"డాక్టరేం చెయ్యలేదమ్మా."

"అంత రహస్యమా? అయితే చాలా మంచి డాక్టరే."

మధ్యాహ్నానికి ఎనిమిదిమంది వచ్చారు. కాదన్నకొద్దీ పళ్ళు పెరిగాయి. అయిదు కిలోలు దాటేసరికి మాన్సిక్‌కి మనసొప్పక నిజం చెప్పేశాడు. "మీరు పారేసిన సీసాల్లోవేనమ్మా నేను రాసుకుంది. ఇదిగో, రిజిస్టర్లో రాసుకున్నాను కూడా."

గదిముందు అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"పన్నెండో అంతస్తులో ఏం వాడతారు? నాకు ఒక్క మాట చెప్పండి చాలు."

"మాది చెప్పారంటే ఊరుకోను బాబాయ్."

"మీది మేమెవరం అడిగాం? ఆవిడది అడుగుతున్నాం."

సాయంత్రానికి సంగతి అధ్యక్షురాలు పియో మిరాన్ చెవిన పడింది. ఆవిడ ఉండేది అదే బ్లాకులో, పదిహేనో అంతస్తులో. మొహానికి బియ్యం కడిగిన నీళ్ళు తప్ప ఇంకేమీ తగలనివ్వనని ప్రతి మీటింగులో చెప్పేది. అది విని పది ఇళ్ళలో బియ్యం రెండేసి సార్లు కడిగారు. అటువంటి ఆవిడ గంటలో ఇంకో నోటీసు పంపింది. "నివాసుల సొంత చెత్తను పరిశీలించిన వాచ్‌మన్ మీద శుక్రవారం చర్య." దాన్ని అంటించాల్సింది కూడా మాన్సిక్కే. ఈసారి కళ్ళజోడు పెట్టుకునే అంటించాడు.

"వెర్రివాడా, పుస్తకం నీ చేతిలో ఉంది," అన్నాడు దొక్‌బె. "ఆవిడ నోరు తెరవగానే పదిహేనో అంతస్తు చిట్టా చదువు. ఉద్యోగం నీ జేబులో ఉంటుంది."

"అది కార్ల పుస్తకం అన్నా."

"కార్లే అనుకుని చదవరా."

మాన్సిక్ ఆ రాసింది మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. పదిహేనో అంతస్తుకి పదిహేడు వరసలు పట్టాయి.

శుక్రవారం మీటింగు హాల్లో ఎప్పుడూ పదిమంది ఉంటారు. ఆ రోజు గోడల వెంబడి కూడా నిలబడ్డారు. మాన్సిక్ ముందు బార్లీ టీ గ్లాసు, దాని పక్కన రిజిస్టరు. ముందు వరసలో పిల్‌సూన్ చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఇతను చేసింది తప్పు," అంది మిరాన్. "మన ఇళ్ళలోంచి వచ్చినవి చూశాడు, రాసుకున్నాడు. ఆ పుస్తకం ఇటు ఇవ్వండి."

"చదివించండి ముందు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. చాలామంది తలలూపారు.

మాన్సిక్ రిజిస్టరు తెరిచాడు. హాలంతా ముందుకి వంగింది. అతను ఆ పేజీ పర్రున చించి, నాలుగు మడతలు పెట్టి, బార్లీ టీలో ముంచాడు. సిరా కారి టీ నల్లబడే దాకా చెంచాతో కలిపాడు. అప్పుడు లేచి మాస్కు తీశాడు. బుగ్గల మీద తోలు ఉల్లిపొరల్లా వేలాడుతోంది.

"చూడండమ్మా, బాగా చూడండి. నాకు అరవైతొమ్మిది. పదకొండు చలికాలాలు మీ గుమ్మాల ముందు మంచు ఊడ్చింది ఈ మొహమే. ఈ ముడతలు ఎక్కడో కొనుక్కొచ్చినవి కావు, మీ వాకిట్లో పడ్డవే. వాటికి సిగ్గుపడ్డాను చూశారూ, తప్పు చేశానంటే అదొక్కటే, ఇంకెప్పుడూ పడను. మీ సీసాల్లో ఏముందో నాకు తెలుసు. చెప్పను. మీరు పొమ్మన్నా చెప్పను, ఉండమన్నా చెప్పను. నా పని చెత్తని వేరు చెయ్యడం, మనుషుల్ని కాదు. చురుగ్గా కనపడేవాడే కావాలా, తెచ్చుకోండి. సోమవారం చెత్త రోజు. ఏ డబ్బా ఎక్కడుందో అతనికి నేనే దగ్గరుండి చూపించి పోతాను."

ఆఖరి మాట అతను మర్యాదకే అన్నాడు. కానీ హాల్లో ఒక్కొక్కరూ దాన్ని నెమ్మదిగా నమిలారు. సోమవారం కొత్త మనిషి వస్తాడు. చురుకైన మనిషి. చురుకైన కళ్ళు. నోరెలాంటిదో ఎవరికి తెలుసు?

మొదట చెయ్యెత్తింది పియో మిరాన్. "అనుభవం ఉన్న సిబ్బందిని వదులుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం. మూడు నెలలు కాదు, రెండేళ్ళకి పొడిగిద్దాం."

గోడల వెంబడి నిలబడ్డవాళ్ళు కూడా చేతులెత్తారు. కొందరు రెండు చేతులూ ఎత్తారు.

"ఉండండి," అన్నాడు మాన్సిక్. "నేనింకా ఒప్పుకోలేదు."

పిల్‌సూన్ అతని చొక్కా పట్టుకుని కిందకి లాగింది. అతను కూర్చోలేదు.

"చురుగ్గా కనపడాలన్న ఆ నోటీసు తీసెయ్యాలి. వాచ్‌మన్‌కి వయసు ఉండొచ్చని కొత్తది రాయాలి. దాన్ని అంటించేది మాత్రం నేను కాదు. మీరు."

"నేనా?" అంది మిరాన్.

"మీరే. అన్ని లిఫ్టుల్లోనూ."

ఆవిడ పిల్‌సూన్ వంక చూసింది. పిల్‌సూన్ టేపు చుట్ట అందించింది.

మర్నాటి పొద్దున్న లిఫ్టుల్లో నోటీసులు కాస్త వంకరగా కనిపించాయి. పనులకి పోయేవాళ్ళంతా మామూలు కన్నా వంగి మరీ "వెళ్ళొస్తాం బాబాయ్" అని చెప్పి పోయారు. దొక్‌బె మాత్రం తన బ్లాకుకి సగం నారింజపళ్ళు అడిగి పట్టుకుపోయాడు.

వారం తిరిగేసరికి మాన్సిక్ పాత తోలంతా ఊడిపోయి కింద నుంచి కొత్త తోలు వచ్చింది, దాని వయసూ అరవైతొమ్మిదే.