కొంచెం వదులుగా

ఆ మంగళవారం ఉదయం సంపత్కుమార్ పెట్టుకున్న పని ఒక్కటే. కాలేజీకి పోయే దారిలో టైలరు దగ్గర ఆగి రెండు చొక్కాలకు కొలతలు ఇవ్వాలి. శుక్రవారం ఇంటర్వ్యూ ఉంది. రేణిగుంట రోడ్డులో ఆయన పనిచేసే ప్రైవేటు బి.ఎడ్. కాలేజీలో ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ అయింది. ఏళ్ల తరబడి అక్కడ మనస్తత్వశాస్త్రం బోధిస్తున్న తనను మించి ఆ కుర్చీకి తగిన మనిషి లేడన్న విషయంలో ఆయనకు అనుమానం లేదు. అనుమానమల్లా చొక్కా గురించే.

దానికి కారణం ఉంది. పోయినసారి ఇదే ఇంటర్వ్యూలో నాయకత్వ లక్షణాల గురించి మాట్లాడుతూ ఆయన గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. పొట్ట మీది గుండీ తెగి, టేబులు మీద దొర్లుకుంటూ పోయి, చైర్మన్ కాఫీ కప్పు పక్కన పడి ఆగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన ఏనాడో మరిచిపోయేవాడు. ఉద్యోగం ఎవరో బయటివాడికి పోయింది. అప్పటినుంచి ఆ ఓటమిని ఆయన లోలోపల తవ్వుతూనే ఉన్నాడు. చైర్మన్ బాల్యం ఎలాంటిదో ఊహించాడు, కమిటీ సభ్యుల న్యూనతాభావాన్ని తూకం వేశాడు, చివరికి అంతా ఆ గుండీలోనే ఉందని తేల్చుకున్నాడు. అంత దూరం పోయిన విశ్లేషణ, గుండీ వెనకున్న పొట్ట దాకా మాత్రం ఎన్నడూ పోలేదు.

"ఏమండీ, ఆది చొక్కా ఒకటి తీసుకుపోండి. ఆ నీలంది ఇస్తే కొలతకు సరిపోతాది," అంది భార్య కుముదవల్లి.

"అది ఉతికి ఉతికి కుదించుకుపోయింది."

"ఆ తెల్లది?"

"అదీ అంతే."

"మీ చొక్కాలన్నీ కుదించుకుపోయినాయి. అదే బీరువాలో నా చీరలు మాత్రం ఎట్లుండేటివి అట్లే ఉండాయే!"

"నూలు స్వభావం నీకు తెలీదు కుముదా." ఆయన నుదుటి మీద శ్రీచూర్ణం రేఖను అద్దంలో సరిచూసుకున్నాడు. "అసలు ఆ పాతవన్నీ స్టీలు సామాన్ల ఆమెకు వేసెయ్. కొత్త జీవితం మొదలుపెట్టే మనిషి పాత గుర్తులు దాచుకోకూడదు."

"అన్నీనా?"

"అన్నీ."

కుముదవల్లి వెంటనే బీరువా తెరిచింది. పాత బట్టలకు బదులు ఇచ్చే గిన్నెల్లో ఒక ఇడ్లీ కుక్కరు మీద ఆమెకు చాలాకాలంగా కన్నుంది.

మునిరత్నం టైలరింగు షాపు బజారు సందులో ఉంది. మగవాళ్ల మనసు తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని మునిరత్నం నమ్మకం. ఈ నమ్మకం ఉన్నవాళ్లు ఆ ఉదయం ఆ షాపులో ఇద్దరు చేరారు.

"ఆది తెచ్చినారా సార్?"

"వద్దు. ఒంటికే కొలు."

భుజాలు, చేతులు, మెడ దాకా అంతా మర్యాదగా జరిగింది. టేపు పొట్ట చుట్టూ రాగానే సంపత్కుమార్ గోడ మీది క్యాలెండరు వైపు చూపు నిలిపి, పొట్టను వెన్నెముక దాకా లాగి పట్టుకున్నాడు.

"సార్, ఊపిరి వదలండి."

"వదిలే ఉన్నాను."

"వదిలినోళ్ల గొంతు ఇంత సన్నగా రాదు సార్."

"నిన్ను నడుము కొలవమన్నానా, గొంతు కొలవమన్నానా?"

"నడుం నలభై రెండు."

"నలభై వేసుకో."

"నలభైలో మీరు నిలబడతారు సార్. కూర్సోలేరు."

"శుక్రవారానికి నలభై అవుతుంది. అది నేను చూసుకుంటా."

"సార్ సెప్తే సరే," అన్నాడు మునిరత్నం, టేపును మెడలో వేసుకుంటూ. ఆ 'సరే'ను సంపత్కుమార్ విధేయత అనుకున్నాడు.

మాట నిలబెట్టుకోవడానికి సంపత్కుమార్ ఆ రోజు నుంచే భోజనం మానేసి మజ్జిగ మీద పడ్డాడు. మరునాడు తెల్లవారగానే అలిపిరికి పోయి, మొదటి గోపురం దాకా మెట్లెక్కి దిగివచ్చాడు. పక్కన భక్తులు గోవింద నామం చెప్పుకుంటూ, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతుంటే, 'కోరిక తీరుతుందన్న ఆశ మనిషిని ఎంత దూరం నడిపిస్తుంది!' అని జాలిపడ్డాడు. తను ఎందుకు ఎక్కుతున్నదీ ఆ జాలిలో ఆయనకు గుర్తు రాలేదు.

ఆ బుధవారమే క్లాసులో పాఠం చెబుతూ ఒక్కసారి దీర్ఘంగా ఊపిరి తీసుకోబోయి, ఆగిపోయాడు. గుండీ దొర్లిన చప్పుడు చెవిలో వినిపించింది. వరండాలోకి వచ్చి, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మునిరత్నం, గుడ్డ కత్తిరించేసినావా?"

"ఇంకా లేదు సార్."

"అయితే కొంచెం వదులుగా పెట్టు. పొట్ట కోసం కాదు, మాట్లాడేటప్పుడు ఊపిరాడ్డానికి. ఈ సంగతి మా ఇంట్లో చెప్పొద్దు."

అవతల చిన్న నవ్వు వినిపించింది. "అట్లే సార్. నేనెవురికీ సెప్పను."

గురువారం సాయంత్రానికి ఇస్తానన్న చొక్కాలు, టైలర్ల ఆనవాయితీ ప్రకారం, శుక్రవారం ఉదయం వచ్చాయి. కత్తెర పనిచేసే వెంకటముని మోపెడు మీద తెచ్చి, తన పనితనం ఒంటి మీద చూసుకుని పోదామని గుమ్మంలోనే నిలబడ్డాడు.

సంపత్కుమార్ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజాల కుట్లు మోచేతుల వైపు జారాయి. కాలరులో మెడ, గంగాళంలో గరిటెలా నిలబడింది. టక్ చేసుకోకుండా చూస్తే చొక్కా మోకాళ్లను వెతుక్కుంటూ పోయింది. ఎవరో పెద్దమనిషి చొక్కాను ఆరేయడానికి తననొక కొయ్యగా వాడుకున్నట్టు అనిపించింది. ఫోను తీసి స్పీకరు పెట్టాడు.

"ఇదేం చొక్కా మునిరత్నం! ఇందులో ఇద్దరు పడతారు!"

"మీరు సెప్పినట్టే కదా సార్. ఆ పొద్దు మీరు ఊపిరి పట్టినారు, దానికని నేను రెండంగుళాలు కలిపినా. సాయంత్రం అమ్మగారు ఫోన్ చేసి, సార్ ఊపిరి బిగబట్టుంటారు, ఇంకో రెండు ఏసుకో, ఆయనకు సెప్పొద్దు అన్నారు. మర్నాడు మీరు ఫోన్ చేసి, వదులుగా పెట్టు, ఇంట్లో సెప్పొద్దు అన్నారు. నేనెవురికీ సెప్పలా సార్."

"నడుముకు కలిపితే భుజాలెందుకు జారినాయి?"

"పొట్ట ఒక్కటే పెంచితే బిందె మాదిరి ఉంటాది సార్. అందుకే అంతా సమానంగా పెంచినా."

గుమ్మంలోంచి వెంకటముని గొంతు సవరించుకున్నాడు. "గుడ్డ నీళ్లలో పడితే కుదించుకుపోతాదని నేనూ రవ్వంత కలిపినా సార్." ఆ మాటలో మెప్పు కోసం ఎదురుచూపు ఉంది.

సంపత్కుమార్ భార్య వైపు తిరిగాడు. ఆమె కొత్త ఇడ్లీ కుక్కరు మూతను చాలా శ్రద్ధగా తుడుస్తోంది.

"నన్ను నమ్మలేదా నువ్వు?"

"నమ్మబట్టే ఫోన్ చేసినా. ఊపిరి బిగబడతారని గట్టిగా నమ్మినా."

"పాత చొక్కా ఒకటి తీయి."

"యాడివి? అన్నీ వేసెయ్యమన్నారు కదా."

"నిన్న వేసుకున్నది?"

ఆమె వాషింగ్ మెషీను వైపు చూపించింది. అద్దం వెనక నిన్నటి చొక్కా నురగలో గిరగిరా తిరుగుతోంది.

ఆయన బెల్టు బిగించి, మిగిలిన గుడ్డనంతా వెనక్కి మడిచి దోపుకుని, ఆకలితో లోపలికి పోయిన బుగ్గలతో, కాలరు మధ్యలో ఊగే మెడతో కాలేజీకి బయలుదేరాడు.

మొదట చూసింది అటెండరు గురవమ్మ. చేతిలోని చీపురు కింద పడేసింది.

"అయ్యో సార్! ఏంది ఇట్ట సగమైపోయినారు?"

ఆ పొద్దున విన్నవాటిలో ఇదొక్కటే ఆయనకు తీపిగా తగిలిన మాట. "రోజూ అలిపిరి మెట్లెక్కుతున్నా గురవమ్మా," అన్నాడు కొంచెం గర్వంగా.

"రోజూనా! అంత మొక్కా? ఏమొచ్చింది సార్ మీకు?"

"మొక్కేం లేదు. ఏమీ రాలేదు."

"సెప్పొద్దులే సార్, సెప్పొద్దు. మొక్కు బయట సెప్తే పలించదు." ఆమె కళ్లకు కొంగు అద్దుకుంటూ స్టాఫ్ రూము వైపు పరుగు తీసింది.

ఆయన మెట్లెక్కేలోగా వార్త ఆయనకంటే ముందు మేడ మీదికి చేరింది. ఇంగ్లీషు చెప్పే గ్రేసీ మేడమ్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"సార్, ఆదివారం చర్చిలో మీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తా. వేలూరుకు పోయినారా?"

"వేలూరెందుకమ్మా?"

ఆ చుట్టుపక్కల పెద్ద జబ్బు చేసినవాళ్లందరూ చివరికి పోయేది వేలూరు ఆసుపత్రికే. ఆయన ఎందుకని అడిగిన ప్రశ్న ఆమె చెవికి, ఇంక ఎందుకులే అన్నట్టు తోచింది. "నిజమే సార్, వాళ్లు మాత్రం ఏం చేస్తారు," అని ముఖం తిప్పుకుంది.

ప్రిన్సిపాల్ పదవికి పోటీలో ఉన్న లెక్కల లెక్చరరు మునిశేఖర్ మాత్రం నేరుగా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. భుజం ఎక్కడుందో గుడ్డలో కాసేపు వెతకాల్సి వచ్చింది. "అన్నా, మనసులో ఏం పెట్టుకోవద్దన్నా," అన్నాడు. అంతవరకూ ఆయన్ను 'అన్నా' అని పిలిచిన పాపాన పోలేదు. జాలికీ ఆనందానికీ మనిషి ముఖంలో పనిచేసే కండరాలు దాదాపు ఒకటేనని సంపత్కుమార్ ఆ క్షణంలో గమనించాడు. ఆ వెంటనే మునిశేఖర్ కమిటీ గదిలోకి పోయి, సంపత్కుమార్ సారు వేలూరులో కూడా లాభం లేదనిపించుకుని వచ్చినారని, అంత బరువైన బాధ్యత ఆయన మీద పెట్టడం పాపమని, గద్గద స్వరంతో చెప్పి వచ్చాడు.

చైర్మన్ సుందరరాజు సొంతూరు ఐరాల. మామిడి గుజ్జు ఫ్యాక్టరీతో మొదలుపెట్టి కాలేజీ దాకా వచ్చిన మనిషి. రెంటికీ పెద్ద తేడా చూపించడు. ఆయనకు చెరో పక్క ఇద్దరు సభ్యులు, తల ఊపడం కోసం కూర్చున్నారు.

"రాప్పా సంపత్. నిదానంగా కూర్సో. ఫ్యాను తగ్గించమంటావా?"

"ఫర్వాలేదు సార్."

"ఆకలవుతా ఉండాదా?"

"చాలా అవుతోంది సార్." అంత నిజాయితీగా ఆయన ఏ ఇంటర్వ్యూలోనూ జవాబు చెప్పలేదు.

"మంచిది. ఆకలుందంటే ఇంకా కొంచెం టైమున్నట్టే." సభ్యులు తల ఊపారు.

సంపత్కుమార్‌కు అప్పుడు అర్థమైంది. "సార్, నాకు ఏ జబ్బూ లేదు," అన్నాడు.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఆయనకు తెలుసు. ఘోరమైన వార్త విన్న మనిషి మొదట చేసే పని, లేదని అనడం. 'నిరాకరణ' అని బోర్డు మీద రాసి, కింద గీత గీసి, ఏటా పిల్లలకు తనే చెప్పాడు.

"నిజంగా లేదు సార్!" అన్నాడు. రెండో గీత పడింది.

"ఇదంతా చొక్కా వల్ల సార్. టైలరు, మా ఆవిడ, ఆ కత్తిరించేవాడు, అందరూ కలిసి..." ఆ పాఠంలో తర్వాతి పేజీ, ఇతరులను నిందించడం. ఎడమ పక్క సభ్యుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఊరుకోప్పా, ఆయాసపడొద్దు." సుందరరాజు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మనలో మన మాట. మునిశేఖర్ మంచోడే గానీ గట్టి పిండం. ఒకసారి కూర్సున్నాడంటే రిటైరయ్యేదాకా లేవడు. మా అల్లుడు గిరి ఉండాడే, వాడి పీహెచ్‌డీ వచ్చే ఏటికి అయిపోతాది. ఈలోపల ఆ కుర్చీలో ఎవరైనా..." మాట కోసం వెతుక్కున్నాడు, "నీలాంటి మనిషుంటే అందరికీ మనశ్శాంతి. పోయినసారి నీకు అన్యాయం జరిగిందని నాకూ ఉండాది."

"పోయినసారి ఆ గుండీ వల్ల..."

"ఏ గుండీ?"

"తెగి మీ కప్పు పక్కన పడింది కదా సార్."

"నాకు గ్యాపకం లేదప్పా. పోయినసారి వచ్చినోడు మా బావమరిదికి కావాల్సినోడు, అందుకని ఇచ్చినాం."

సంపత్కుమార్ ఆ విశాలమైన చొక్కాలో మరింత లోపలికి కుంగిపోయాడు. అన్నాళ్ల తవ్వకం, చైర్మన్ బాల్యం, కమిటీ న్యూనతాభావం, అన్నీ ఒక్క బావమరిది కింద కూలిపోయాయి. తను అవమానంగా దాచుకున్నది వాళ్లు చూడనైనా లేదు. ఇప్పుడు చూస్తున్నదేమో అసలు లేనే లేదు. చావబోయేవాడికి ఇస్తున్న కుర్చీ ఇది. బతికున్నవాడిగా లేచి నిలబడి, గుడ్డంతా బయటికి లాగి చూపించి, 'నేను మీ అల్లుడి కంటే గట్టివాణ్ణి' అని చెప్పవచ్చు. చెప్పడానికే నోరు తెరిచాడు.

మజ్జిగ తప్ప ఎరగని గొంతు ఎండిపోయి ఉంది. మాటకు ముందు చిన్న దగ్గు వచ్చింది. నిజమైన దగ్గే, చాలా చిన్నది. దాన్ని అక్కడే ఆపేయవచ్చు.

ఆయన దాన్ని కొంచెం సాగనిచ్చాడు.

దగ్గిన ప్రతిసారీ మనిషి కంటే చొక్కా ఎక్కువ ఊగింది. కమిటీ మొత్తం లేచి నిలబడింది. ఒకరు నీళ్లందించారు, ఒకరు వీపు నిమిరారు. సుందరరాజు ఆర్డరు మీద సంతకం పెట్టాడు.

ఇంటికి రాగానే ఆయన విస్తరి ముందు కూర్చుని, గిన్నెడు దద్దోజనం ఖాళీ చేసి, అప్పుడు సంగతి చెప్పాడు. కుముదవల్లి అంతా విని, ఆయన్ను మెడ నుంచి మోకాళ్ల దాకా ఒకసారి చూసింది.

"అయితే చొక్కా సరిపోయిందన్న మాట," అంది.

ఆయన ఆమె వైపు చూడకుండా మునిరత్నానికి ఫోన్ చేశాడు. "ఇంకో నాలుగు చొక్కాలు కావాలి."

"ఈసారి సరిగ్గా కొలుస్తా సార్, ఒకసారి షాపుకు రండి."

"కొలవొద్దు. ఈ చొక్కా పంపిస్తున్నా. ఇదే ఆది."

గ్రేసీ మేడమ్ వారం వారం చికెన్ సూపు పంపబోయి, ఆ ఇంట్లో మాంసం ముట్టరని గుర్తొచ్చి, బదులుగా జీడిపప్పు పంపింది. గురవమ్మ కొండకు పోయినవాళ్లందరి దగ్గరా లడ్డూ అడిగి తెచ్చి పెట్టింది. మునిశేఖర్ సైతం రోజూ వచ్చి నాడి చూసినట్టు చెయ్యి పట్టుకుని, దిగులుగా వెళ్లిపోయేవాడు. మామిడి కాపు దిగే రోజులకు ఆ నాలుగు చొక్కాలూ ప్రిన్సిపాల్ గారికి సరిగ్గా అతికినట్టు సరిపోయాయి. ఆ రోజే ఆయన కంగారుగా మునిరత్నం షాపుకు పరుగెత్తాడు. లావవుతూ చిక్కిపోయినట్టు కనిపించాలంటే గుడ్డ చాలా పడుతుంది.