నలభై రెండు తరాల సిద్దిఖీలు

ఫారాల్లో ఇంటిపేరు గడి పక్కన ఎర్ర చుక్క పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన్ని వెతికి పట్టుకుని సన్మానం చేయాలని నా ప్రతిపాదన.

ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. కరెంటు కనెక్షన్ రాదు, లైబ్రరీ కార్డు రాదు, పన్ను పీకించుకోవడానికి అపాయింట్‌మెంటూ రాదు. ఇదో పెద్ద పీడ అని చాలామంది గొణుగుతుంటారు. కృతఘ్నులు! ఆ గడే లేకపోతే మా కుటుంబానికి వంశమనేదే ఉండేది కాదు.

మా నాన్న పుస్తకాలు బైండింగ్ చేసేవాడు. ఆయనకున్నది ఒకే ఒక్క పేరు. ఎనభై ఏళ్లుగా దానితోనే నెట్టుకొస్తున్నాడు. అన్నయ్యకూ నాకూ మాత్రం స్కూలు రికార్డుల్లో పేరు చివర సిద్దిఖీ అని ఉంది. ఆ పేరున్నవాళ్లు తమది మొదటి ఖలీఫా వంశమని చెప్పుకుంటారు. ఫారూఖీలు రెండో ఖలీఫానీ, ఉస్మానీలు మూడో ఖలీఫానీ తలుచుకుంటారు. నేనైతే అదీ రోల్ నంబర్‌లాంటిదే అనుకుని ఊరుకున్నాను. నాకు ముందుచూపు తక్కువ.

అన్నయ్య అలాంటివాడు కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో మేనేజరైన కొత్తలో, ఎవరో పెద్దమనిషి ఆయన విజిటింగ్ కార్డు చూసి, మీరు ఏ సిద్దిఖీలని అడిగాడట. అన్నయ్యకు వారం రోజులు అన్నం సహించలేదు. చివరికి షజరాలు, అంటే వంశవృక్షాలు, రాసిపెట్టే ఒకాయన్ని పట్టుకున్నాడు. రెండు నెలల్లో నిలువెత్తు కాగితం ఇంటికొచ్చింది. పైన మొదటి ఖలీఫా, కింద మా అన్నయ్య, మధ్యలో నలభై తరాలు. ఒక మూల చిన్నక్షరాల్లో నేనూ ఉన్నాను.

దాని కోసం ముందుగది గడియారం వంటింట్లోకి వెళ్లింది. వచ్చినవాళ్లు అది చదివాకే టీ. పందొమ్మిదో తరం పేరు మీద సిరా అలుక్కుపోయింది. ఎవరో తెలియని ఆ తాతంటేనే అన్నయ్యకు అందరికన్నా గౌరవం ఎక్కువ. బస్సులో సీటు దొరక్కపోతే, అది చరిత్రకే జరిగిన అవమానమన్నట్టు నిలబడేవాడు. ఇంత హుందాతనం ఏ వ్యాయామంతో వస్తుంది, చెప్పండి?

అన్నయ్య కూతురు ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. నలభై రెండు తరాల్లో ఒక్క ఆడమనిషి పేరూ లేదే, మరి వీళ్లంతా ఎలా పుట్టారని నన్ను అడిగింది. చరిత్రను సైన్సు ప్రశ్నలు అడక్కూడదని బాబాయి హోదాలో మందలించాను.

ఆ పిల్లే ఒకరోజు పెళ్లి సంగతి ఎత్తింది. అదే ల్యాబ్‌లో మెషీన్లు రిపేరు చేసే అబ్బాయి. మనవాడే, నెమ్మదస్తుడు, వదినకు నచ్చాడు. అన్నయ్య అతన్ని కూర్చోబెట్టి ఇంటిపేరు అడిగాడు. తమకు అలాంటిదేమీ లేదనీ, ఫారాల్లో ఆ గడిలో నాన్న పేరే రాస్తాననీ అతను ఉన్నమాట చెప్పాడు. అన్నయ్య మర్యాదగా టీ తాగించి పంపేశాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. వదిన ఇక లాభం లేదని నాన్నను పిలిపించింది.

నాన్న వచ్చి షజరా ముందు చాలాసేపు నిలబడ్డాడు. అంచును బొటనవేలితో తడిమి చూశాడు.

"కాగితం మంచిదే. కానీ ఈ పేరు మనది కాదురా. నిన్ను స్కూల్లో వేసిన రోజు ఇంటిపేరు అడిగారు. లేదన్నాను. ఖాళీగా ఉంటే పైవాళ్లు తిప్పి పంపేస్తారని, అక్కడి గుమాస్తా తన పేరు చివరున్నది తీసి నీకు రాసేశాడు. తమ్ముడికీ అదే రాయించాను."

అన్నయ్య షజరా అంచు సరిచేసి, నాన్న వైపు తిరిగాడు.

"ఆ గుమాస్తా మనకు చుట్టమేమో, కనుక్కున్నావా నాన్నా?"

"చుట్టమైతే అంత సాయం చేస్తాడట్రా?" అన్నాడు నాన్న.

పెళ్లి నాన్న ఇంట్లోనే జరిగింది. అరలన్నీ ఖాళీ చేసి, జిగురు డబ్బాలు మంచం కిందికి తోసి, చాపలు పరిచాం. నాన్న సాక్షిగా కూర్చున్నాడు. పెళ్లికూతురు రెండుసార్లు గుమ్మం వైపు చూసింది. అన్నయ్య రాలేదు. ఆ గుమాస్తా వంశం ఆరా తీయడానికి ఆ రోజు పొరుగూరు వెళ్లాడని తర్వాత తెలిసింది.

కాబట్టి పాఠకులారా, వంశాన్ని గుర్తుంచుకోవడంలో మా అన్నయ్యను మించినవాడు లేడు. పద్నాలుగు వందల ఏళ్ల బంధువుల పేర్లు నిద్రలో లేపి అడిగినా ఒక్కటీ తప్పకుండా అప్పజెబుతాడు. కూతురి కాపురం నాలుగు వీధుల అవతలే. పోయిన నెల పాప పుట్టింది. ఏం పేరు పెట్టారని ఆయన ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.